కోటగడ్డ కార్ఖానా

కిష్టారెడ్డిపేటలో తెల్లవారడమంటే షిఫ్టు బస్సులు కదలడం. కొన్ని బొల్లారం వైపు వెళ్తాయి, కొన్ని పాశమైలారం వైపు, ఇంకొన్ని పటాన్‌చెరు పారిశ్రామికవాడకు. మందు గోళీలు, ప్లాస్టిక్ సామాను, పోత ఇనుప భాగాలు ఏవైనా కానీ, ఒక అచ్చు చేసి అందులోంచి ఒకే తీరు వస్తువులను వందలు వేలుగా తీయడం ఇక్కడి ఇళ్లల్లో చాలామందికి రోజువారీ కూలి. ముంబయి హైవే పట్టుకుని సంగారెడ్డి దాటి కాస్త పక్కకు వెళ్తే, ఇదే పని రెండు వేల ఏళ్ల కిందట జరిగిన చోటు ఒకటుంది. అక్కడి మనుషులు సీసం కరిగించారు, మట్టి అచ్చులు కట్టారు, రాళ్లకు బెజ్జాలు వేశారు. వాళ్ల చేతిపనిలో మిగిలినదంతా పురావస్తు శాఖ వారి చిన్న మ్యూజియంలో ఉంది. ఆ ఊరు కొండాపూర్.

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ వేరు, ఇది వేరు. ఫోనులో పేరు కొట్టి బయల్దేరేవాళ్లు ముందు సంగారెడ్డి జిల్లా అని చూసుకోవాలి. ఊరికి దక్షిణాన సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న పెద్ద దిబ్బను జనం కోటగడ్డ అంటారు. ఇలాంటి దిబ్బలు తెలుగునాట చాలా ఊళ్ల పక్కన ఉన్నాయి. పాటిదిబ్బ, పాటిగడ్డ అనే పేర్లతో వాటిని పిలుస్తాం. తరతరాలుగా మనుషులు ఒకేచోట బతికి, ఇళ్లు కూలి, మళ్లీ కట్టి, బూడిద పోసి, ఎముకలు పారేసి పెంచిన మట్టి అది. సారం ఎక్కువని రైతులు పాటిమన్నును బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. పంట బాగా పండింది నిజమే. ఆ బండ్లలో ఎన్ని ఊళ్ల చరిత్ర మడికట్ల పాలయిందో లెక్క కట్టేవారు లేరు.

కోటగడ్డకు ఆ గతి పూర్తిగా పట్టలేదు. హెన్రీ కజిన్స్ అనే సర్వే అధికారి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకే ఈ చోటును గుర్తించాడు. ఆ తర్వాత 1940 నుంచి 1942 దాకా నిజాం రాజ్య పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యజ్దానీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. అజంతా చిత్రాలను ప్రపంచానికి పుస్తకాలుగా అందించిన యజ్దానీయే ఈయన. ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూప చైత్యాల పునాదులు, వాటి నడుమ ఇళ్లు, దుకాణాల గదులు, కొలుములు బయటపడ్డాయి. సుమారు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 వరకు బతికిన శాతవాహన నాటి పట్టణమని ఆయన తేల్చాడు. 2009-11లో కేంద్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వింది.

చరిత్ర పుస్తకంలో శాతవాహనులంటే రాజుల వరస, యుద్ధాల వరస. కొండాపూర్‌లో మాత్రం రాజు కనిపించేది నాణెం మీది అక్షరాల్లోనే. మిగతాదంతా పనివాళ్ల సొంతం. ఈ మ్యూజియాన్ని రాజుల పేర్లతో కాకుండా పనుల పేర్లతో చూడాలని నా వాదన. ఏ వస్తువు ముందు నిలబడ్డా, ఎవరి కాలానిది అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఎలా చేశారు అని అడగాలి. అప్పుడు అద్దం వెనకున్న మట్టిపెంకు కూడా చాలా చెబుతుంది.

నాణేలతో మొదలుపెడదాం. వేయికి మించిన నాణేలు ఈ ఒక్క దిబ్బలో దొరికాయి. వాటిలో అన్నిటికన్నా పాత పద్ధతివి విద్ధాంక నాణేలు, అంటే ముద్రలు కొట్టినవి. వెండిని పలుచని రేకుగా సాగగొట్టి, పట్టీలుగా చీల్చి, ముక్కలుగా తెగ్గొట్టేవారు. తర్వాత తూకం. మన కంసాలి మొన్నమొన్నటి దాకా వాడిన గురివింద గింజే అప్పటి తూనికరాయి. ముప్పై రెండు గురివింద గింజల ఎత్తు ఒక కార్షాపణం, ఇప్పటి లెక్కలో సుమారు 3.4 గ్రాములు. బరువు ఎక్కువైతే మూల కత్తిరిస్తారు. అందుకే ఆ నాణేలకు ఒక ఆకారమంటూ ఉండదు. కొన్ని నలుచదరం, కొన్ని ఐదు మూలలు, కొన్ని వంకర. ఆకారం చూసి మొరటు పని అనుకుంటాం. నిజానికి వాళ్లు ఆకారాన్ని వదిలేసి బరువును పట్టుకున్నారు. ఆ తర్వాత సూర్యుడు, ఏనుగు, చెట్టు, కొండ లాంటి గుర్తులను ఒక్కొక్కటి వేర్వేరు ఉలిముద్రలతో కొట్టేవారు. ఒక గుర్తు మీద మరో గుర్తు సగం పడి ఉండటం ఈ నాణేల్లో మామూలే. దెబ్బ తర్వాత దెబ్బ పడిన వరసను అది చూపిస్తుంది.

ఇక్కడే కొండాపూర్ ఒక చిక్కుముడి వేసింది. ఈ విద్ధాంక నాణేల గుర్తులన్నీ ఒకేసారి పడేలా చేసిన మట్టి అచ్చులు ఇక్కడ దొరికాయి. ఒక్కొక్కటిగా కొట్టవలసిన గుర్తులను కలిపి పోతపోయడం అన్నమాట. దొంగనాణేల పని అనవచ్చు. పాత నాణేలు బజారులో ఇంకా చెల్లుతుండగా కొత్త వెండి నాణేల కొరత వచ్చి, అధికారికంగానే పాతవాటి నకళ్లు పోశారని కూడా అనవచ్చు. పండితులు రెండు వైపులా మాట్లాడారు. బౌద్ధ విహారాలూ దుకాణాలూ ఉన్న నడి పట్టణంలో అచ్చులు దొరకడం చూస్తే నాకు రెండో మాటే నచ్చుతుంది.

మట్టి అచ్చుల్లో నాణెం పోయడమనే విద్యను మన దేశంలో శ్రద్ధగా పరిశీలించినవాడు చరిత్రకారుడు కాదు, వృక్షశాస్త్రవేత్త. పురాతన మొక్కల శిలాజాల మీద పనిచేసిన బీర్బల్ సాహ్ని 1936లో రోహ్‌తక్ దగ్గర ఖోక్రాకోట్ దిబ్బ మీద అచ్చుల ముక్కలు చూశాడు. తొమ్మిదేళ్లు వాటి వెంటపడి, 1945లో ప్రాచీన భారతంలో నాణేల పోత విధానం గురించి పుస్తకం రాశాడు. శిలాజాన్ని చూసే కన్నుతోనే అచ్చును చూశాడు. కొండాపూర్ అచ్చులను కూడా దేశంలోని తక్కిన చోట్ల దొరికిన వాటితో కలిపి చర్చించాడు.

ఆ విధానం పాశమైలారంలో డైకాస్టింగ్ చేసే కుర్రాడికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. మెత్తని మట్టిని బిళ్లగా చేసి, అది పచ్చిగా ఉండగానే అసలు నాణేన్ని చుట్టూ నాలుగైదు చోట్ల అద్దుతారు. ప్రతి గుంట నుంచి నడిమధ్యకు ఒక సన్నని కాలువ గీస్తారు. మధ్యలో బెజ్జం. ఇలాంటి బిళ్లలను గుంటకు గుంట సరిపడేలా ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ ఊక కలిపిన మట్టి మెత్తి, పైన గరాటు నిలబెట్టి కాలుస్తారు. గరాటులో పోసిన లోహం నడి బెజ్జంలోంచి దిగి, కాలువల గుండా ప్రతి గుంటలోకీ పాకుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే నాణేలు చెట్టుకు కాయల్లా కనిపిస్తాయి. తుంచి, అంచు రాపిడి చేస్తే పని అయిపోయింది. ఇవాళ్టి ఫౌండ్రీలో ఆ కాలువను రన్నర్ అంటారు. తుంచిన చోట మిగిలే మొటిమను గ్రైండింగ్‌లో తీసేస్తారు. పోత నాణెం అంచున అలాంటి తోక మిగిలి ఉందేమో అద్దంలోంచి వెతకండి. అది కనిపిస్తే ఆ నాణెం సుత్తిదెబ్బకు పుట్టింది కాదని తెలిసిపోతుంది.

శాతవాహనుల సొంత నాణేలు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్. రాగి, సీసం, తగరం కలిసిన మిశ్రమ లోహమే పోటిన్. వెండి వాడింది తక్కువ. సీసపు నాణెమంటే చులకన చేయనక్కర్లేదు. వెండి కరగాలంటే 961 డిగ్రీలు కావాలి, రాగికి 1,085. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. వంటపొయ్యి కన్నా కాస్త గట్టి కొలిమి ఉంటే చాలు. రోజువారీ కొనుగోళ్లకు, పావుశేరు నూనెకో పిడికెడు ఉప్పుకో చిల్లర కావాలి కదా. ఆ చిల్లరను పెద్దఎత్తున, తక్కువ బొగ్గుతో పోయగల లోహాన్ని ఎన్నుకోవడం తెలివైన లెక్క. ఏనుగు తొండమెత్తి ఒకవైపు, ఉజ్జయిని గుర్తనే నాలుగు వలయాల శిలువ ఇంకోవైపు, చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృత భాషలో రాజు పేరు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూర్‌లోనూ, గోదావరి ఒడ్డున కోటిలింగాలలోనూ ఇలాంటి నాణేలు గుట్టలుగా దొరికాయి. తెలంగాణ అంతటా చిల్లర డబ్బు చెలామణి అయ్యేంత బజారు ఉండేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

ఇన్ని సీసపు నాణేల మధ్య కోటగడ్డలో ఒక బంగారు నాణెం బయటపడింది. రోమ్ చక్రవర్తి అగస్టస్‌ది. క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు ఏలినవాడు. రోమ్ బంగారం ఇక్కడికెలా వచ్చిందో ఆ కాలపు గ్రీకు నావికుడు రాసిపెట్టిన ఓడదారి పుస్తకంలో కొంత తెలుస్తుంది. పైఠాన్ నుంచి రాళ్లు, తేర్ నుంచి బట్టలు బండ్లకెక్కి పశ్చిమ తీరాన భరుకచ్ఛం (ఇప్పటి భరూచ్) రేవు చేరేవి. కొండాపూర్ ఆ తేర్‌కూ తూర్పు తీరానికీ నడుమ ఉంది. మన సరుకులకు బంగారం తరలిపోతోందని రోమ్‌లో రచయిత ప్లినీ గోల పెట్టింది కూడా ఆ మొదటి శతాబ్దంలోనే.

నన్ను ఆ బంగారం కన్నా ఎక్కువ ఆపింది మట్టి. రోమన్ నాణేలను మట్టిలో అచ్చు తీసిన బిళ్లలు కొండాపూర్‌లో దొరికాయి. అగస్టస్ తర్వాత వచ్చిన టైబీరియస్ నాణెం వాటికి నమూనా. దక్కనులో ఇలాంటి బిళ్లలు మరికొన్ని చోట్ల కూడా దొరికాయి. వాటితో బజారులో ఏమీ కొనలేరు. తాడు ఎక్కించి మెడలో వేసుకునేవారు. అసలు రోమన్ బంగారు నాణేలకు కూడా మనవాళ్లు బెజ్జం వేసి, కొక్కెం అతికి నగలుగా మార్చుకున్నారు. కాసులపేరు తెలిసిన ఇంటివాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. డబ్బును దాచుకోవడానికి మెడకన్నా భద్రమైన చోటు లేదని మన అమ్మమ్మలు నమ్మారు. బంగారు కాసు కొనలేని ఇంట్లో అదే బొమ్మ మట్టిలో అచ్చయి మెడకెక్కింది. రెండు వేల ఏళ్ల నాటి గిల్టు నగ అది.

ఆ కాలంలో రోమన్ నాణేన్ని అచ్చులో పట్టినవాళ్లు మనమొక్కళ్లమే కాదు. యూరప్‌లో ఇవాళ రుమేనియా అంటున్న దేశంలో అప్పట్లో డేసియన్లు ఉండేవారు. 1961లో అక్కడి ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో టిలిష్కా అనే కొండకోటను తవ్వుతుంటే రోమన్ వెండి దేనారియస్‌లను ముద్రించే కంచు అచ్చులు పద్నాలుగు దొరికాయి. రోమ్ ఆ దేశాన్ని జయించింది క్రీ.శ. 106లో. అంతకు ఎంతో ముందే అక్కడి కమ్మరులు రోమ్ డబ్బును రోమ్‌తో పోటీపడే నాణ్యతతో కొట్టేశారు. వాళ్లు బజారులో చెల్లేలా వెండిలో ముద్రించారు. మనవాళ్లు మెడలో వేసుకునేలా మట్టిలో ఒత్తారు. ఇంకో ముచ్చట. రుమేనియా పల్లె ఆడవాళ్ల పండుగ దుస్తుల్లో సాల్బా అనే నగ ఉంటుంది. నాణేలను వరసగా కుట్టి మెడ నుంచి గుండెల దాకా వేలాడదీస్తారు. పెళ్లికూతురి కట్నమెంతో ఊరంతా చూసేది దాంట్లోనే. మన కాసులపేరును పక్కన పెడితే అక్కాచెల్లెళ్లనుకోవచ్చు. ఎవరూ ఎవరిని చూసి నేర్చుకున్నది కాదు. డబ్బు ఆడదాని ఒంటి మీద ఉంటే ఆపదలో ఆమెకు అక్కరకు వస్తుందన్న ఆలోచన రెండు చోట్లా విడివిడిగా పుట్టింది.

ఇక మట్టిబొమ్మలు. కొండాపూర్‌కు పేరు తెచ్చినవి ఇవే, నేను ఎక్కువసేపు నిలబడేదీ వీటి ముందే. మామూలు ఎర్రమట్టివి కొన్ని ఉన్నా, మేలైనవి తెల్లని సుద్దమట్టితో చేసినవి. కేయోలిన్ అని ఇవాళ కాగితపు, పింగాణీ పరిశ్రమలు వాడే మట్టి ఇదే. దీని రేణువు చాలా సన్నం. అందువల్ల గోటి మొన అంత గీతను కూడా అచ్చు నుంచి అందుకుంటుంది. స్త్రీల ముఖాలు, చుట్టి ముడిచిన జుట్టు, చెవిలో బరువైన కమ్మలు, గుర్రాలు, పొట్టేళ్లు, సింహాలు. కొన్ని ముఖాలు అరచేతిలో పట్టేంత చిన్నవి. అంత చిన్న ముఖంలో పెదవి చివర నవ్వు తెలుస్తుంది.

వీటిని రెండు అచ్చులతో చేశారు. ముందు పనిమంతుడైన శిల్పి ఒక మూలబొమ్మ చేస్తాడు. దాని ముందుభాగానికొకటి, వెనుకభాగానికొకటి మట్టి అచ్చు తీసి కాలుస్తారు. కాలిన అచ్చులో పలుచని మట్టిపొరను పరిచి, బొటనవేలితో మూలమూలకూ ఒత్తుతారు. కాలిన అచ్చు తడి పీల్చుకుంటుంది కాబట్టి మట్టి కాసేపటికి కుదించుకుని తనంతట తాను విడివడుతుంది. రెండు సగాలూ తోలులా బిగిసే సమయానికి అంచులకు మట్టినీళ్లు రాసి అతుకుతారు. ఆ సమయం తెలియడమే విద్య. ముందైతే బొమ్మ ఒరిగిపోతుంది, ఆలస్యమైతే అతుకు పట్టదు. పక్కల మీద పొంగిన అతుకుగీతను సన్నని పనిముట్టుతో గీకి నునుపు చేస్తారు. లోపల బోలు. బోలు బొమ్మకు ఎక్కడో ఒక చిన్న బెజ్జం ఉంచాలి, లేకపోతే ఆవంలో లోపలి తేమ ఆవిరై బొమ్మను పగలగొడుతుంది.

బోలుగా ఎందుకు చేయాలి? మట్టి మందం అంతటా ఒకేలా ఉంటే ఆరేటప్పుడూ కాలేటప్పుడూ అంతటా ఒకేలా కుదించుకుంటుంది, పగుళ్లు రావు. నిండుబొమ్మలో పైపొర ఆరిపోయినా కడుపులో తడి ఉంటుంది. ప్లాస్టిక్ మౌల్డింగ్ షాపులో గోడమందం సమానంగా ఉండాలని సూపర్‌వైజర్ చెప్పేది ఈ సూత్రాన్నే. రెండు సగాలు కలిసే చోట పడే గీతను అక్కడ పార్టింగ్ లైన్ అంటారు. పగిలిన బొమ్మల్లో ఇంకో సంగతి తెలుస్తుంది. బయటివైపు అచ్చు ఇచ్చిన నునుపు, లోపలివైపు వేళ్లు ఒత్తిన గుంటలు. బయటి ముఖం శిల్పి చేసినది. లోపలి వేళ్లు అచ్చు నింపిన పనివాడివి, లేదా పనిమనిషివి. శాసనాల్లో పేరు లేని మనిషి సంతకం అక్కడ పడింది.

అచ్చు కళను తక్కువ చేస్తుందని ఒక మాట వినబడుతుంటుంది. చేత్తో చెక్కినదే కళ, అచ్చుపోసినది సరుకు అని. కొండాపూర్ బొమ్మలు చూశాక ఆ మాట ఒప్పుకోలేను. అచ్చు లేకపోతే ఆ మూలశిల్పి చేసిన ముఖం ఒక్క ధనవంతుడి ఇంట్లో ఉండిపోయేది. అచ్చు వల్ల పట్టణంలోని మామూలు ఇళ్ల గూళ్లలోకి వెళ్లింది. అచ్చు నింపేవాడి చేయి సాఫుగా లేకపోతే మూలశిల్పి ఎంత గొప్పవాడైనా బొమ్మ చెడిపోతుంది. ఒకరి ఊహ, ఇంకొకరి ఓపిక రెండూ కలిస్తేనే అది తయారైంది.

పూసల అర దగ్గర తొందరపడకూడదు. ఎర్రని కార్నీలియన్, చారల అగేట్, స్ఫటికం, గాజు, శంఖం, మట్టి అన్ని రకాలూ ఉన్నాయి. పురావస్తు పరిశోధకుడు మోరేశ్వర్ దీక్షిత్ కొండాపూర్ పూసల మీదే ఒక పుస్తకం రాశాడు. 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు తెల్లగీతల పూసల మీద ఇంకో పుస్తకం రాశాడు.

ఆ తెల్లగీతల పూసలు నిజంగా అబ్బురం. ఎర్రని కార్నీలియన్ మీద పాల తెలుపులో సన్నని గీతలు, వలయాలు. చెక్కినవి కాదు, రంగు పూసినవి కాదు. రాయి చర్మంలోకి దిగిన తెలుపు అది. ఎలా చేశారో 1933లో పురావస్తు పరిశోధకుడు ఎర్నెస్ట్ మాకే ప్రచురించాడు. సింధ్‌లోని సెహ్వాన్‌లో ఒక ముసలి పనివాడు ఆ విద్యను చేసి చూపించాడు. ఒక ఎడారి పొద లేత చిగుళ్లను నూరి, ఆ రసంలో చాకలి సోడా కలిపి చిక్కని ద్రవం చేస్తాడు. దాంతో పూస మీద కలంతో గీతలు గీసి, ఆరనిచ్చి, బొగ్గుల మీద వేడి చేస్తాడు. సోడా రాతి పైపొరను తెల్లబరుస్తుంది. చల్లార్చి గుడ్డతో రుద్దితే గీత శాశ్వతం. ఆకు రసం కలపడం అంటుకోవడానికే. ఉత్త సోడానీళ్లతో గీత నిలవదు, జారిపోతుంది.

బెజ్జం వేయడం ఇంకా కష్టం. కార్నీలియన్ ఇనుము కన్నా గట్టి రాయి, ఇనుప మొన దాని మీద అరిగిపోతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ పని ఇప్పటికీ చేసేవాళ్లు బరమా మొనలో రెండు చిన్న వజ్రపు పలుకులు బిగించి, విల్లుతో తిప్పుతూ, చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ తొలుస్తారు. ఒకవైపు నుంచి సగం, తిప్పి రెండోవైపు నుంచి సగం. రెండు బెజ్జాలూ నడిమిలో కలవాలి. ఒకేవైపు నుంచి తొలిస్తే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. పారదర్శకమైన స్ఫటికం పూసలో ఈ రెండు దారులు కలిసిన చోటు కంటికే కనబడుతుంది. కొన్నిటిలో వెంట్రుకవాసి తేడాతో కలిశాయి. ఆ తేడా చూసినప్పుడు ఆ కళ్లూ ఆ చేయీ మన ముందున్నట్టే ఉంటుంది.

కుండల గురించి క్లుప్తంగా. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులకు రెండుసార్లు రంగు వేశారనుకుంటారు చాలామంది. ఆవంలో కుండను బోర్లించి కాలుస్తారు. లోపల గాలి అందక నల్లబడుతుంది, బయట మంట, గాలి తగిలి ఎర్రబడుతుంది. ఒకే మట్టి, ఒకే మంట. సారె తిప్పే కుమ్మరిని ఎవరినైనా అడగండి, నవ్వుతూ చెబుతాడు. ఇనుప పనిముట్లూ, సముద్రం నుంచి ఇంతదూరం వచ్చిన శంఖపు గాజులూ కూడా ఉన్నాయి.

వీటిలో చాలా పనులు ఈ నేల మీద తెగిపోయాయి. తెగిపోనివాటికి ఒక ఉదాహరణ ఇదే దారిలో ఉంది. జహీరాబాద్ మీదుగా బీదర్ వెళ్తే బిద్రీ పనివాళ్లు ఇంకా ఇసుక అచ్చుల్లో జింకు, రాగి మిశ్రమాన్ని పోస్తున్నారు. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి. పోతపోసి, చెక్కి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి రుద్దితే లోహం కాటుక నలుపవుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఏ మట్టి పనికొస్తుందో పాతకాలపు ఉస్తాదులు నాలుక మీద వేసుకుని తేల్చేవారు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉస్తాద్ పక్కన శిష్యుడు కూర్చున్నంతకాలం పుస్తకం లేకపోయినా పని బతికింది. కొండాపూర్ తెల్లబొమ్మల పనికి ఆ శిష్యుడు ఎప్పుడో ఒకనాడు రాలేదు. ఇప్పుడు వస్తువు ఒక్కటే ఆ పనికి గురువు, మనం దాన్ని చూసి వెనక్కి లెక్క కట్టుకోవాలి.

అందుకే మ్యూజియాల్లో వస్తువు కింద పెట్టే చీటీ గురించి నాకు పట్టింపు ఎక్కువ. మట్టిబొమ్మ, క్రీ.శ. మొదటి శతాబ్దం అని రాస్తే తేదీ తెలుస్తుంది, పని తెలియదు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో రైతుల మ్యూజియం ఒకటుంది. 1990లో చిత్రకారుడు హోరియా బెర్నియా దాని బాధ్యత తీసుకున్నాడు. కూజా, మగ్గం, చెక్కసిలువ లాంటి పల్లె వస్తువులను అపురూపమైన కళాఖండాల్లా కాక, వాటితో బతికిన మనుషుల మాటల్లా అమర్చారు. పక్కన చేత్తో రాసిన కాగితాలు పెట్టారు. 1996లో దానికి యూరప్ మేటి మ్యూజియం బహుమానం వచ్చింది. తెలుగులో అలాంటి చేతిరాత చీటీ ఒకటి ఊహించండి: ఈ బొమ్మను రెండు అచ్చుల్లో చేశారు, పక్కన అతుకు చూడండి, లోపల వేలిగుర్తులు చూడండి. పదో తరగతి పిల్లవాడు అరగంట కదలడు.

ఇంకా మేలు ఏమిటంటే, చెప్పగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. పాశమైలారంలో డై బిగించేవాడు, బొల్లారంలో గోళీల అచ్చు మార్చే అక్క, సంగారెడ్డి కుమ్మరి. బడి పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులు వీళ్లలో ఒకరిని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్తే, ఆ పిల్లలకు శాతవాహనులు మార్కుల కోసం బట్టీపట్టే పేరుగా మిగలరు. మ్యూజియానికి సెలవు శుక్రవారం, మిగతా రోజుల్లో చూడొచ్చు. వీలైతే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకెళ్లండి.

ఒక చివరి మాట పొలాలున్నవాళ్లకు, ప్లాట్లు చదును చేయించేవాళ్లకు. కిష్టారెడ్డిపేట నుంచి సదాశివపేట దాకా జేసీబీలు దిగని నేల రోజురోజుకూ తగ్గుతోంది. పాత పెంకులు, పూసలు, అచ్చుముక్కలు తగిలితే పని అక్కడ ఆపండి. నాణేలు దొరికితే నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. ఈలోగా చింతపండుతో తోమవద్దు. ఇత్తడి చెంబుకు మెరుపిచ్చే ఆ పులుపే సీసాన్ని తినేస్తుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో చెక్కుచెదరని ఏనుగు బొమ్మ ఒక్క మధ్యాహ్నంలో అరిగిపోతుంది. చెక్కపెట్టెలోనూ దాచవద్దు, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపొడిగా రాలిపోతుంది. పొడి కాగితంలో చుట్టి, ఏ గెట్టు దగ్గర ఎంత లోతులో దొరికిందో దాని మీద రాసి, అలాగే ఇవ్వండి.